డ్రాపర్ సీట్ పోస్ట్: ఏ సైజు తీసుకోవాలి, ఎలా బిగించాలి, కొండ మీద ఎలా వాడాలి

మౌంటెన్ సైకిల్ కొని కొన్నాళ్లు మట్టి దారుల్లో తొక్కినవాళ్లు తరచుగా అడిగేవి మూడు ప్రశ్నలు. నా సైకిల్‌కి డ్రాపర్ పడుతుందా? ఏ సైజు తీసుకోవాలి? వేయించాను గానీ సీటు సరిగ్గా పైకి రావడం లేదు, పోస్ట్ పాడైందా? ఈ మూడింటికీ వరుసగా జవాబు చెబుతాను. మూడో ప్రశ్నకు మాత్రం ముందే ఒక మాట: కొత్త డ్రాపర్ మొండికేసినప్పుడు తప్పు చాలాసార్లు పోస్ట్‌లో ఉండదు. కొలతలోనో, కేబుల్ బిగువులోనో, సీట్ క్లాంప్ (పోస్ట్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే రింగు) బిగింపులోనో ఉంటుంది. ఈ మూడూ మీరే ఇంట్లో సరిచేసుకోగలిగినవి.

డ్రాపర్ అంటే హ్యాండిల్ మీద చిన్న లివర్ నొక్కితే సీటు కిందికి దిగే, మళ్లీ నొక్కితే పైకి లేచే సీట్ పోస్ట్, అంటే సీటును మోసే గొట్టం. తొక్కేటప్పుడు కాలు దాదాపు పూర్తిగా చాపుకునేంత ఎత్తులో సీటు ఉండాలి. కొండ దిగేటప్పుడు అదే సీటు పొట్టకూ తొడలకూ అడ్డం పడుతుంది. పూర్వం దిగే ముందు ఆగి, క్విక్ రిలీజ్ (చేత్తోనే విప్పగలిగే క్లాంప్ మీట) విప్పి, సీటు దించుకునేవారు. 1980లలో జో బ్రీజ్, జాష్ ఏంజెల్ అనే ఇద్దరు ‘హైట్ రైట్’ అనే స్ప్రింగ్‌ను తెచ్చి ఆ పనిని కొంత సులువు చేశారు. 2010లో రాక్‌షాక్స్ కంపెనీ ‘రివర్బ్’ డ్రాపర్ వచ్చాక నూనె ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ డ్రాపర్లు బాగా వ్యాపించాయి. 2019లో వైర్‌లెస్ రివర్బ్ కూడా వచ్చింది. ఇది డౌన్‌హిల్ వాళ్లకే అనుకుంటే పొరపాటు. 2022లో స్లొవేనియా రేసర్ మతేయ్ మొహోరిచ్ ఇటలీలోని రోడ్ రేసైన మిలాన్–శాన్ రెమోలో డ్రాపర్ ఉన్న సైకిల్‌తోనే పోజియో కొండ దిగి గెలిచాడు.

ఇక్కడ చెప్పేదంతా కేబుల్‌తో పనిచేసే డ్రాపర్ గురించి. ధర అందుబాటులో ఉంటుంది, రిపేరు సులువు, గేర్ వైరు దొరికే ఏ షాపులోనైనా దాని కేబుల్ దొరుకుతుంది. మొదటిసారి కొనేవాళ్లకు నా సలహా ఇదే.

కొనే ముందు తీయాల్సిన కొలతలు

తొందరపడి ఆర్డర్ పెట్టొద్దు. ముందు టేపు తీసుకుని సైకిల్ దగ్గర కూర్చోండి.

1. సీటు ఎత్తు సరిగ్గా ఉందో లేదో చూడండి. గోడ పట్టుకుని సీటు మీద కూర్చుని, పెడల్‌ను సీట్ ట్యూబ్ (పోస్ట్ దిగే ఫ్రేము గొట్టం) వరుసలో అట్టడుగుకు తెచ్చి మడమ దాని మీద పెట్టండి. నడుము ఒక పక్కకు ఒరగకుండా కాలు నిటారుగా చాపుకుంటే ఎత్తు దాదాపు సరిపోయినట్టే. ఆ ఎత్తు దగ్గర పాత పోస్ట్ చుట్టూ టేపు ముక్క అతికించండి. క్రాంక్ ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం దాకా కూడా కొలిచి రాసిపెట్టుకోండి.

2. సీట్ క్లాంప్ పై అంచు నుంచి సీటు కింది కడ్డీల మధ్య వరకు కొలవండి. దీన్ని ‘పై కొలత’ అందాం.

3. పాత పోస్ట్ తీసేసి, సీట్ ట్యూబ్‌లోకి సన్నని కర్రను నెమ్మదిగా దించండి. ఎక్కడ ఆగితే అక్కడికి లోతు కొలవండి. ఇది ‘లోతు కొలత’. ట్యూబ్ వంపు దగ్గరో, సస్పెన్షన్ ఇరుసు దగ్గరో, బాటిల్ కేజ్ బోల్టు లోపలికి పొడుచుకు వచ్చిన చోటో కర్ర ఆగుతుంది. అడ్డం బోల్టే అయితే పొట్టి బోల్టు వేస్తే సరి. పొడవాటి బాటిల్ బోల్టు కొత్త పోస్ట్ మీద గీత పెట్టిన సైకిళ్లు చాలానే కనిపిస్తాయి.

4. పోస్ట్ మందం చూడండి. పాత పోస్ట్ అడుగున, కనీస లోతు గీత (కనీసం ఇక్కడిదాకా పోస్ట్ ట్యూబ్ లోపల ఉండాలని చూపే గీత) దగ్గర, 27.2, 30.9, 31.6, 34.9 ఇలా ఒక అంకె చెక్కి ఉంటుంది. మిల్లీమీటర్లలో దశాంశం తర్వాతి అంకె కూడా ముఖ్యమే. 31.6 ట్యూబ్‌లో 30.9 పోస్ట్‌ను సరైన షిమ్ (మధ్య ఖాళీని నింపే పలుచని తొడుగు) వేసి వాడుకోవచ్చు. ట్యూబ్ 27.2 అయితే 27.2 డ్రాపరే కావాలి. అంతకంటే లావుది ఏం చేసినా దూరదు.

5. ఫ్రేములో కేబుల్ దారి ఉందో లేదో చూడండి. కింది ట్యూబ్ మీద రబ్బరు మూత ఉన్న రంధ్రం, అక్కడి నుంచి సీట్ ట్యూబ్‌లోకి దారి ఉంటే లోపలి కేబుల్ రకం కొనండి. లేకపోతే కేబుల్ బయటి నుంచి పోయే రకం కొనండి. డ్రిల్లు పట్టుకుని ఫ్రేముకు రంధ్రం మాత్రం పెట్టొద్దు. అక్కడి నుంచే పగులు మొదలవుతుంది, వారంటీ కూడా పోతుంది.

ఇక లెక్క. తప్పులు జరిగేది ఇక్కడే కాబట్టి ఒక ఉదాహరణ చూద్దాం. పై కొలత 220 మిల్లీమీటర్లు, లోతు కొలత 240 అనుకోండి. మీరు చూస్తున్న పోస్ట్ 150 మిల్లీమీటర్లు దిగే రకం. కంపెనీ ఇచ్చిన బొమ్మలో రెండు అంకెలు వెతకండి. మొదటిది, పోస్ట్‌ను పూర్తిగా లోపలికి దించి సీటు పైకి లేపినప్పుడు క్లాంప్ నుంచి కడ్డీల దాకా ఉండే పొడవు. అది 200 అనుకుందాం. రెండోది, అడుగున కేబుల్ లాగే మీటతో కలిపి లోపలికి వెళ్లే భాగం. అది 245 అనుకుందాం. మీకు కావాల్సింది 220 కాబట్టి పోస్ట్‌ను 20 మిల్లీమీటర్లు పైకే ఉంచుతారు. అప్పుడు లోపలికి వెళ్లేది 225. లోతు 240 ఉంది, కేబుల్ వంగడానికి ఇంకా 15 మిగిలింది. పడుతుంది.

అదే కంపెనీది 180 దిగే రకం తీసుకుంటే పై పొడవు 230కి వస్తుంది. మీ కాలికి సీటు 10 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తవుతుంది. కొన్ని మోడళ్లలో చిన్న ముక్క వేసి దిగే దూరాన్ని 10 లేదా 20 తగ్గించుకోవచ్చు. కానీ పొడవాటి పోస్ట్‌కు లోపలి భాగమూ పొడవే. అది 275 ఉంటే మీ 240 లోతులో ఆగిపోతుంది. అంటే రెండు లెక్కలూ కుదరాలి. కుదిరిన వాటిలో ఎక్కువ దిగేది తీసుకోండి. ఎత్తు తక్కువ ఉన్నవాళ్లు, చిన్న ఫ్రేము ఉన్నవాళ్లు 125 దగ్గర ఆగాల్సి రావచ్చు. దాని గురించి దిగులు వద్దు, మామూలు దారులకు 125 బాగానే పనికొస్తుంది.

ముందు రెండు మూడు గేర్లున్న సైకిల్ అయితే హ్యాండిల్ కింద ఎడమవైపు షిఫ్టర్ ఉంటుంది, డ్రాపర్ లివర్‌కు చోటుండదు. అలాంటప్పుడు హ్యాండిల్ పైన బిగించే రకం లివర్ అడగండి. ముందు ఒకే పళ్ల చక్రం ఉంటే ఎడమ బొటనవేలి కింద షిఫ్టర్ లాంటి లివర్ హాయిగా పడుతుంది.

బిగించడానికి కావాల్సినవి

అలెన్ కీల సెట్, టార్క్ రెంచ్ (బిగింపు బలాన్ని, అంటే టార్క్‌ను, కొలిచే రెంచ్), పదునైన కేబుల్ కట్టర్, 4 మిల్లీమీటర్ల గేర్ ఔటర్ (కేబుల్ పై తొడుగు), స్టీలు గేర్ ఇన్నర్ (లోపలి తీగ), ఔటర్ చివర్ల మూతలు, ఇన్నర్ చివరి టోపీ, శుభ్రమైన గుడ్డ, గ్రీజు. కార్బన్ ఫ్రేము అయితే గ్రీజు బదులు, పోస్ట్ జారకుండా పట్టునిచ్చే కార్బన్ పేస్టు. కట్టింగ్ ప్లయర్‌తో పని కానివ్వొద్దు. అది ఔటర్‌ను నలిపేస్తుంది, ఇన్నర్ తీగల్ని చీపురులా విడదీస్తుంది. కట్టర్ లేకపోతే సైకిల్ షాపులో ఆ రెండు కోతలూ వేయించుకోండి.

బిగించే పద్ధతి

1. సీట్ ట్యూబ్ లోపల గుడ్డతో తుడవండి. క్లాంప్ దగ్గరి చీలిక అంచును వేలితో జాగ్రత్తగా తడమండి. గరుకుగా ముల్లులా తగిలితే సన్నని ఎమెరీ కాగితంతో నునుపు చేసి, పొడి మొత్తం తుడిచేయండి. అల్యూమినియం ఫ్రేములో పలుచగా గ్రీజు రాయండి.

2. ఔటర్‌ను హ్యాండిల్ వైపు నుంచి ఫ్రేములోకి దూర్చి సీట్ ట్యూబ్ పైకి తెచ్చుకోండి. లోపల ఎక్కడైనా తట్టుకుంటే ముందు ఒక పాత ఇన్నర్‌ను దారి చూపడానికి పంపి, దాని మీదుగా ఔటర్‌ను తోయండి. సైకిల్‌ను తలకిందులు చేసినా, కొసను అయస్కాంతంతో లాగినా కొన్నిసార్లు పనవుతుంది. ఓపిక పట్టాల్సిన అడుగు ఇదే.

3. మీ పోస్ట్ ఏ రకమో చూడండి. కొన్నిటిలో ఇన్నర్ ఒక కొసన ఉండే లోహపు గుండు పోస్ట్ అడుగున కూర్చుంటుంది, రెండో కొసను హ్యాండిల్ దగ్గర లివర్‌లో బిగిస్తారు. కొన్నిటిలో దీనికి తలకిందులు. మొదటి రకం ఇంట్లో బిగించుకోవడానికి చాలా సులువు. పోస్ట్‌ను లోపల పెట్టాక తీరిగ్గా హ్యాండిల్ దగ్గర పొడవు సరిచేసుకోవచ్చు. రెండో రకంలో పోస్ట్ లోపలికి వెళ్లకముందే ఔటర్ పొడవు ఖాయం చేయాలి, ఇన్నర్‌ను కూడా మాన్యువల్ చెప్పిన పొడవుకే కోయాలి.

4. ఔటర్ కోశాక దాని లోపలి ప్లాస్టిక్ గొట్టం నోరు మూసుకుపోయి ఉంటుంది. గుండుసూదితో గుండ్రంగా తెరవండి. ఈ చిన్న పని వదిలేస్తే లివర్ ఎప్పుడూ బరువుగానే ఉంటుంది.

5. పోస్ట్‌ను ఫ్రేములో పెట్టకముందే కేబుల్ తగిలించి, కొస పట్టుకుని లాగి చూడండి. అడుగు మీట పూర్తిగా కదలాలి, వదలగానే వెనక్కి రావాలి. గుండు తన గూట్లో నిటారుగా కూర్చుందో లేదో చూడండి.

6. ఒక చేత్తో పోస్ట్‌ను లోపలికి దించుతూ రెండో చేత్తో హ్యాండిల్ వైపు నుంచి ఔటర్‌ను అంతే మేరకు లాగండి. ఒకేసారి తోసేస్తే ఔటర్ లోపల మడతపడుతుంది. గట్టిగా తగిలితే ఆగండి, బలం పెట్టొద్దు. కనీస లోతు గీత తప్పకుండా ట్యూబ్ లోపలే ఉండాలి.

7. రాసిపెట్టుకున్న ఎత్తుకు సీటు తెచ్చి క్లాంప్ బిగించండి. చాలా ఫ్రేముల మీద 5 లేదా 6 న్యూటన్ మీటర్లు అని రాసి ఉంటుంది, దాన్ని దాటొద్దు. మామూలు పోస్ట్‌కు క్లాంప్ గట్టిగా బిగించినా నడిచిపోతుంది. డ్రాపర్‌కు నడవదు. బయటి గొట్టం కొద్దిగా నొక్కుకుపోయినా లోపలి గొట్టం ఇరుక్కుంటుంది.

8. హ్యాండిల్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పి చూడండి. ఔటర్ బిగుసుకోకూడదు, బ్రేకు కేబుళ్లకు చిక్కుకోకూడదు. మొదటి రకం అయితే ఆ తర్వాతే లివర్ వైపు ఔటర్‌ను ఆఖరి పొడవుకు కోయండి.

9. లివర్ దగ్గర బిగువు సరిచేసే మరను పూర్తిగా లోపలికి తిప్పి, మళ్లీ రెండు చుట్లు బయటికి తీయండి. మొదటి రకం అయితే ఇన్నర్‌ను చేత్తో వదులు పోయేంతవరకే లాగి బిగించండి. ప్లయర్‌తో లాగొద్దు. లివర్‌ను తాకితే ఒకటి రెండు మిల్లీమీటర్లు ఖాళీగా కదిలి, ఆ తర్వాత పోస్ట్‌ను కదిలించాలి.

10. సీటు కడ్డీల బోల్టుల్ని మార్చి మార్చి కొద్దికొద్దిగా, మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కే బిగించండి. ఇన్నర్ చివర టోపీ నొక్కండి.

సరిగ్గా బిగిందా? ఇలా చూడండి

లివర్ నొక్కి కూర్చుంటే సీటు సాఫీగా దిగాలి. మధ్యలో లివర్ వదిలితే అక్కడే ఆగాలి, మీ పూర్తి బరువుకు కూడా జారకూడదు. లేచి లివర్ నొక్కితే పైదాకా వచ్చి ‘టక్’మని ఆగాలి. సీటు ముక్కు పట్టుకుని పక్కకు తిప్పితే కొద్దిగా ఆడటం చాలా డ్రాపర్లలో మామూలే, దానికి కంగారు పడొద్దు.

ఏదైనా తేడా ఉంటే ఈ వరుసలో వెతకండి.

సీటు పైకి నెమ్మదిగా వస్తుందా? ముందు క్లాంప్‌ను పావు చుట్టు వదులు చేసి నొక్కి చూడండి. వేగం పెరిగితే దోషం క్లాంప్‌దే. తక్కువ టార్క్‌కు బిగించి, పోస్ట్ ఫ్రేములో దిగిపోతుంటే కార్బన్ పేస్టు రాయండి.

లివర్ వదిలినా సీటు ఆగకుండా జారుతుందా? కేబుల్ మరీ బిగువుగా ఉండి అడుగు మీటను ఎప్పుడూ సగం నొక్కే ఉంచుతోంది. మరను లోపలికి తిప్పి వదులు చేయండి. లివర్ నొక్కినా ఏమీ జరగకపోతే దీనికి వ్యతిరేకం, మరను బయటికి తిప్పండి.

రెండూ కుదరకపోతే ఒక్క పరీక్ష మొత్తం తేల్చేస్తుంది. పోస్ట్‌ను బయటికి తీసి, కేబుల్ విప్పేసి, అడుగు మీటను వేలితో నొక్కండి. పోస్ట్ చక్కగా పైకీ కిందికీ ఆడితే తప్పు కేబుల్‌దే. ఔటర్ ఎక్కడో నలిగి ఉంటుంది, మార్చేయండి. కేబుల్ లేకుండా కూడా మొరాయిస్తే, లేదా లివర్ నొక్కకుండానే సీటు మెత్తటి స్ప్రింగులా దిగుతుంటే, లోపలి కార్ట్రిడ్జ్‌కు (సీటును లేపి ఆపే మూసిన గొట్టానికి) సర్వీసు కావాలి. అది విప్పే ప్రయత్నం ఇంట్లో చేయొద్దు, లోపల ఒత్తిడితో నిండిన గాలి ఉంటుంది.

వెనక సస్పెన్షన్ ఉన్న సైకిల్ అయితే ఇంకొకటి చూడాలి. షాక్‌లో గాలి తీసేసి, సీటు పూర్తిగా దించి, సైకిల్‌ను అట్టడుగుకు నొక్కండి. వెనక టైరు సీటుకు తగలకూడదు. సీటు కింద సంచీ వేలాడదీసే అలవాటుంటే మానేయండి. టైరుకు తగులుతుంది, దాని పట్టీ పోస్ట్ మెరుపును గీకేస్తుంది. వెనక లైటును కూడా జారే గొట్టానికి కాకుండా కడ్డీలకు తగిలించండి.

దారి మీద వాడటం

బిగించిన రోజే కొండకు వెళ్లొద్దు. ఖాళీ మైదానంలో కిందికి చూడకుండా దించడం, లేపడం చేతికి అలవాటు చేసుకోండి. దించాలంటే లివర్ నొక్కి, కూర్చుని, లివర్ వదిలి, లేవాలి. లేపాలంటే పెడళ్ల మీద కొద్దిగా లేచి లివర్ నొక్కాలి. సీటు జోరుగా పైకి వస్తుంది, దాని దారిలో కూర్చోకండి. బొటనవేలు లివర్ మీద ఉన్నా చూపుడు వేలు బ్రేకు మీదే ఉండాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది సమయం. వాలు మొదలయ్యాక కాదు, మొదలయ్యే ముందే దించాలి. వాలులో పడ్డాక దించబోతే కూర్చోవాల్సి వస్తుంది, బరువు వెనక్కి పోతుంది, ముందు చక్రం పట్టు తప్పుతుంది. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లాంటి చోట ఎర్ర మొరం మీద ముందు చక్రం జారిందంటే సర్దుకునే వీలుండదు.

సీటు దించాక దాని మీద కూర్చుండిపోవడం కొత్తవాళ్లు చేసే పెద్ద పొరపాటు. సీటు దించేది కూర్చోవడానికి కాదు, మీరు కదలడానికి చోటు కోసం. పెడళ్లు సమంగా, మోకాళ్లు కొద్దిగా వంచి బయటికి, మోచేతులు వెడల్పుగా, ఛాతీ కిందికి. నడుమును వెనక్కి తోయకండి, కిందికి దించండి. ఈ రెంటికీ ఉన్న తేడా మొదటి మలుపులోనే తెలిసిపోతుంది. వదులు మట్టి ఉన్న మలుపులో బయటి పాదం కిందికి పెట్టి, ఒళ్లు నిటారుగా ఉంచి, సైకిల్‌ను మాత్రం లోపలికి వంచండి. సీటు కిందికి ఉంటేనే ఇది కుదురుతుంది.

ఎక్కేటప్పుడు సీటు పూర్తి ఎత్తులో ఉండాలి. బద్ధకించి సగంలో వదిలేసి గంటసేపు తొక్కితే మోకాళ్లు నొప్పి పెడతాయి. రాళ్లూ వేర్లూ ఉన్న నిటారు ఎక్కుడులో మాత్రం రెండు మూడు సెంటీమీటర్లు దించండి. పెడల్ శక్తి పెద్దగా తగ్గదు, తూలినప్పుడు సర్దుకోవడానికి కొంచెం చోటు దొరుకుతుంది. ఎత్తుపల్లాలు గబగబా మారే దారిలోనూ ఈ మధ్య ఎత్తే సుఖం.

డ్రాపర్ కొనే స్థోమత ఇప్పుడు లేకపోతే క్విక్ రిలీజ్ క్లాంప్ ఒకటి వేసుకోండి. పూర్తి ఎత్తు దగ్గర పోస్ట్ మీద టేపు గుర్తు పెట్టి, పెద్ద దిగుడు ముందు ఆగి సీటు దించండి. కనీస లోతు గీత నియమం దీనికీ వర్తిస్తుంది.

బాగోగులు

ప్రతిసారీ తొక్కి వచ్చాక జారే గొట్టాన్ని, ముఖ్యంగా సీలు అంచున నల్లగా పేరుకున్న దుమ్ము వలయాన్ని, మెత్తటి గుడ్డతో తుడవండి. ఆ దుమ్ము లోపలికి వెళ్తే గీతలు పడతాయి. ప్రెషర్ వాషర్ నీటిని సీలు మీదకు కొట్టొద్దు. ఇంజిన్ ఆయిల్, కొబ్బరి నూనె, చైను నూనె, డబ్ల్యూడీ-40 ఇవేవీ అక్కడ వాడొద్దు. సీటు మళ్లీ బరువుగా కదులుతుంటే పై రింగు విప్పి, తుడిచి, సస్పెన్షన్‌కు వాడే పలుచని గ్రీజు కొద్దిగా రాయండి. వానాకాలం పోయాక ఇన్నర్, ఔటర్ రెండూ మార్చేస్తే లివర్ మళ్లీ కొత్తదానిలా తేలికవుతుంది.

సీటు కిందికి ఉన్నప్పుడు సీటు పట్టుకుని సైకిల్ ఎత్తొద్దు. మెట్లెక్కించేటప్పుడూ కారు ర్యాక్ మీద పెట్టేటప్పుడూ ముందు సీటు లేపండి, లేదా ఫ్రేము పట్టుకోండి. దిగిన పోస్ట్‌ను పైకి లాగితే చాలా మోడళ్లలో గాలి నూనెలోకి చేరి, పోస్ట్ మెత్తబడుతుంది. రిపేరు స్టాండులో బిగించాలన్నా నిగనిగలాడే గొట్టాన్ని కాకుండా క్లాంప్ పైన కనిపించే బయటి గొట్టాన్నే పట్టించండి. అది కనిపించనంత లోపలికి దిగి ఉంటే ఒకసారి క్లాంప్ వదులు చేసి పోస్ట్‌ను కొద్దిగా పైకి తీసి పట్టించండి, తీసే ముందు పాత ఎత్తు దగ్గర టేపు గుర్తు పెట్టడం మరిచిపోకండి.